డ్యూటీ, ఇల్లు, మధ్యలో ఒక ఆట: విజయనగరంలో కూర్చుని స్టీమ్‌లో గేమ్ విడుదల చేసిన నా అనుభవం

ఊరి చెరువు నీళ్ళని మళ్ళకి పంచే చిన్న పజిల్ ఆట ఒకటి చేశాను. 2023 ఉగాదికి మొదలుపెట్టిన ఆ ఆట 2024 నవంబరు 7న స్టీమ్‌లో, అంటే కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణంలో, విడుదలైంది. మొదటి డబ్బు డిసెంబరు ఆఖర్లో బ్యాంకులో పడింది. ఆ డబ్బు తాలూకు పన్ను పని 2025 సెప్టెంబరుకి గానీ తెమల్లేదు. గేమ్ చేయడం నేర్పే వీడియోలు బోలెడున్నాయి. షిఫ్టు డ్యూటీ చేసుకుంటూ, ఇంట్లో చిన్నపిల్లనీ పెద్దవాళ్ళనీ చూసుకుంటూ ఒక్కడే చేస్తే ఏ నెలలో ఏమవుతుంది, ఎక్కడ ఎన్నాళ్ళు ఆగాలి, చేతి నుంచి ఎంత పోతుంది అన్నది మాత్రం తెలుగులో నాకు కనబడలేదు. ఆ వరుసలోనే చెబుతాను.

ఉద్యోగం పైడిభీమవరం పారిశ్రామికవాడలో, ఒక మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబులో. ఇల్లు విజయనగరం. కంపెనీ బస్సు నాతవలస దగ్గర హైవే ఎక్కి వెళ్తుంది. వారానికో షిఫ్టు. "ఏ" షిఫ్టు ఉదయం ఆరు నుంచి రెండు, బీ రెండు నుంచి రాత్రి పది, సీ పది నుంచి పొద్దున్న ఆరు. ల్యాబులోకి ఫోను పట్టుకెళ్ళకూడదు. తెల్లకాగితం ముక్క కూడా కుదరదు, లెక్కలో లేని కాగితం మీద ఏదైనా రాసి ఉంటే ఆడిట్‌లో అదో పెద్ద గొడవ. కాబట్టి యంత్రం నడుస్తున్నప్పుడు ఖాళీ దొరికినా అక్కడ ఆట పని సాగదు. బుర్రలో పెట్టుకుని బస్సెక్కాక రాసుకోవడమే.

మొదటి రెండు నెలలు "రోజుకి గంట" అనే పద్ధతి పట్టుకుని చూశాను. షిఫ్టులవాళ్ళకి అది పనికిరాదు. గంటలన్నీ ఒకటి కావు. సీ షిఫ్టు దిగి వచ్చినవాడికి దొరికే గంటలో కొత్త కోడు రాస్తే, దాన్ని విప్పడానికి తర్వాత వారం మూడు గంటలు పోతాయి. బీ షిఫ్టు వారంలో పాపని బడికి దింపి వచ్చాక తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఉండే సమయమే అసలు సమయం. ఇల్లు నిశ్శబ్దం, బుర్ర తాజా. అంటే మూడు వారాల్లో ఒక్క వారం మంచిది. ఇది ఒప్పుకున్నాక పని ముందుకి నడిచింది. కొత్త వ్యవస్థలు, కష్టమైన బగ్గులు అన్నీ బీ వారానికి. బొమ్మలు గీయడం, మెనూ అమరికలు, తెలుగు అనువాదం "ఏ" షిఫ్టు వారం సాయంత్రాలకి. సీ వారంలో ఆట ఆడి చూసి తప్పులు రాసుకోవడం, శబ్దాలు వెతుక్కోవడం, అంతే. లెవెళ్ళ రూపకల్పన పూర్తిగా బస్సులో, గళ్ళ నోటుబుక్కులో పెన్సిలుతో. ఆ కుదుపుల్లో ల్యాప్‌టాప్ తెరవాలని మాత్రం అనుకోకండి.

ఇంకో చిన్న అలవాటు చాలా కాపాడింది. పని ఆపేముందు ఐదు నిమిషాలు మిగుల్చుకుని, తర్వాత ఎక్కడ మొదలుపెట్టాలో ఆ కోడు ఫైలు పైనే ఒక వాక్యం తెలుగులో రాసేవాణ్ణి. "మదుము మూసినప్పుడు పక్క గడి నీళ్ళు లెక్కలోకి రావట్లేదు, ముందు అది చూడు" ఇలా. (మదుము అంటే నీళ్ళు వదిలే తూము.) పదిహేను రోజుల తర్వాత తెరిచినా వెంటనే దిగిపోవచ్చు. అది లేకపోతే మొదటి అరగంట గుర్తు తెచ్చుకోడానికే సరి.

ఇంట్లో ఒప్పందం మాటల్లో కాకుండా గోడ కాలెండరు మీద ఉండాలి. మా ఆవిడ పెట్టిన షరతులు రెండు. ఆదివారం భోజనాలయ్యేదాకా ల్యాప్‌టాప్ తెరవకూడదు. మొత్తం ఖర్చు నలభై వేలు దాటకూడదు, ఆట పూర్తయినా కాకపోయినా. రెండోది నాకు మొదట చిన్నతనంగా అనిపించింది. కానీ ఆ అంకె లేకపోతే "ఇంకో మంచి మైకు, ఇంకో ప్లగిన్" అంటూ పోతూనే ఉండేది. మా అమ్మకి ఈ వ్యవహారం చివరిదాకా అర్థం కాలేదు. "ఉజ్జోగం సాలదేటి బావూ, రేయంతా ఈ ఆటలేటి" అనేది. నిజానికి ఆవిడ ప్రశ్నకి నా దగ్గర గట్టి జవాబు ఎప్పుడూ లేదు.

ఆట ఏమిటంటే, ఊరి చెరువు నీళ్ళ పంపకం. గళ్ళ బోర్డు మీద చెరువు, కాలువలు, మదుములు, మళ్ళు. పరిమితమైన కదలికల్లో ఏ మడికి ఎంత నీరు కావాలో అంత చేర్చాలి, పక్కవాడి మడి ముంచకూడదు. నలభై లెవెళ్ళు. పజిల్ ఎంచుకోడానికి కారణం ఇష్టం ఒక్కటే కాదు. ఒక్కో లెవెల్ విడి ముక్క, అరగంటలో ఒకటి చేసి వదిలేయొచ్చు. పెద్ద కథ, పోరాటాలు, ఆన్‌లైన్ ఆట అయితే ఒక ముక్క కదిపితే పది కదులుతాయి. షిఫ్టులవాడికి అది సరిపడదు.

ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడోలో 4.0 వెర్షను 2023 మార్చిలోనే వచ్చింది. ఉచితం, రాబడిలో వాటా అడగదు, పాత ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. అందుకే దాన్ని పట్టుకున్నాను. నీటి ప్రవాహం రాసేటప్పుడు రెండు సంగతులు ఎవరికైనా ఎదురవుతాయి. ఒకటి, నీటి పరిమాణాన్ని దశాంశాల్లో పెడితే "మూడు పాళ్ళు కావాలి" అన్నచోట 2.9999 వచ్చి లెవెల్ గెలవదు. పూర్ణాంకాలే పెట్టాలి. గడికి సున్నా నుంచి ఎనిమిది వరకు పెట్టాను, పంచగా మిగిలిన ఒకటి ఏ దిక్కుకి పోవాలో నియమం ఖరారు చేశాను. రెండోది, గళ్ళని ఎడమ నుంచి కుడికి చదువుతూ అదే బోర్డు మీద మార్చుకుంటూ పోతే, కుడివైపు నీరు ఒక్క అడుగులో వరుసంతా పారిపోతుంది, ఎడమవైపు మాత్రం గడి గడికీ ఆగుతుంది. పాత బోర్డు చదివి కొత్త బోర్డులో రాసి, చివర రెంటినీ మార్చుకుంటే ఈ వంకర పోతుంది.

పజిల్ ఆటకి అన్‌డూ, అంటే వేసిన కదలికని వెనక్కి తీసుకునే వీలు, తప్పనిసరి. ఇక్కడ "చేసిన పనిని తిరగేద్దాం" అనుకుంటే చిక్కే. పారిన నీరు వెనక్కి పారదు కదా, లెక్క తిరగెయ్యలేం. ప్రతి కదలికకీ బోర్డు మొత్తం నకలు దాచుకోవడమే తేలిక. 16 గళ్ళు అడ్డం, 9 నిలువు, మొత్తం 144 అంకెలు. వెయ్యి కదలికలు దాచినా మెమరీకి అది లెక్కలోది కాదు.

తెలుగు అక్షరాల పని అనుకున్నదానికి మూడింతలు పట్టింది. గోడో 4లో ఒత్తులు, గుణింతాలు సరిగ్గానే కూడతాయి, పాత 3లో కూడవు. ఆట అసలు కొలత 640కి 360 పిక్సెళ్ళు పెట్టాను, రెండింతలు చేస్తే 720, మూడింతలు చేస్తే 1080 వస్తుందని. అయితే ఆటని తెరకి తగ్గట్టు సాగదీసే స్ట్రెచ్ సెట్టింగు "వ్యూపోర్ట్"లో ఉంటే అక్షరాలు కూడా ఆ చిన్న కొలతలోనే గీసి తర్వాత పెద్దవి చేస్తుంది. ఇంగ్లీషుకి అది అందంగా ఉండొచ్చు, "క్ష్మ" లాంటిది వస్తే అక్కడ మచ్చ తప్ప అక్షరం ఉండదు. "కాన్వాస్ ఐటమ్స్"కి మారిస్తే అక్షరాలు తెర అసలు కొలతలో గీయబడతాయి. బటన్ల ఎత్తు ఇంగ్లీషుకి సరిపోయేలా పెడితే కింద ఒత్తులు, పైన గుడులు తెగిపోతాయి, కాబట్టి ముందు తెలుగు పెట్టి బటన్లు కొలవాలి. ఇంకొకటి బాగా దాక్కుంటుంది. ఆటలో తెలుగు ఫాంటు చేర్చకపోయినా విండోస్‌లో అంతా బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే గోడో వెతుక్కుని విండోస్‌లోని నిర్మల ఫాంటు వాడేస్తుంది. ఆ ఫాంటు లేని లైనక్స్ యంత్రంలో తెరిస్తే అన్నీ డబ్బాలే. నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంటు ప్రాజెక్టులో పెట్టి, యంత్రంలోని ఫాంటు వెతుక్కునే "సిస్టమ్ ఫాల్‌బ్యాక్" ఆపేసి చూడండి, అప్పుడే నిజం తెలుస్తుంది. అనువాదాలు పట్టికగా ఉండే సీఎస్వీ ఫైలుని ఎక్సెల్‌లో తెరిచి మామూలుగా భద్రపరిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. లిబర్ ఆఫీస్‌లో అక్షరాల సంకేత పద్ధతిగా యూటీఎఫ్-8 ఎంచుకుని భద్రపరచాలి.

2023 దసరా నాటికి పది లెవెళ్ళు ఆడించే స్థితికి వచ్చాయి. మేనల్లుడినీ, ల్యాబులో ఇద్దరు మిత్రుల్నీ కూర్చోబెట్టాను. పరీక్షించేటప్పుడు నోరు మూసుకోవడమే అసలు కష్టం. వాళ్ళు మదుము మీద కాకుండా నీటి మీద నొక్కుతూ ఉంటే "అక్కడ కాదురా" అనాలని ప్రాణం కొట్టుకుంటుంది. అనకూడదు. అందరూ నీటి మీదే నొక్కుతుంటే, నీటి మీద నొక్కినా దగ్గర్లోని మదుము తెరుచుకునేలా మార్చాలి, అదే చేశాను. పరీక్ష కోసం మయూరి జంక్షన్ దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్ ఏడు వేలకి కొన్నాను. అందులో తెర నల్లగా ఉండిపోయింది. తెర మీద బొమ్మ గీయడానికి గోడో మామూలుగా వాడే ఫార్వర్డ్ ప్లస్ పద్ధతికి అప్పట్లో వల్కన్ అనే గ్రాఫిక్స్ వ్యవస్థ కావాల్సి వచ్చేది, పాత ఇంటెల్ హెచ్‌డీ 4000 లాంటి చిప్పులకి విండోస్‌లో అది లేదు. ప్రాజెక్టుని కంపాటిబిలిటీ పద్ధతికి మార్చాక నడిచింది. రెండు కొలతల (2డీ) ఆటకి అంతకు మించి అవసరం కూడా లేదు.

ఫోన్లో ఎందుకు వదల్లేదని అందరూ అడిగారు. గూగుల్ ప్లేలో ఖాతా రుసుము 25 డాలర్లే. అయితే 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకి, ఆట బయటికి వెళ్ళేముందు 20 మంది పరీక్షకులు వరసగా 14 రోజులు చేరి ఉండాలన్న నియమం పెట్టారు. 2024 డిసెంబరులో ఆ సంఖ్యని 12కి తగ్గించారు. ఇరవైమందిని పద్నాలుగు రోజులు పట్టి ఉంచడం, పైగా ఉచిత ఆటలతో పోటీ. నాకు పీసీయే నయమనిపించింది.

డబ్బు మాట రాకముందే ఉద్యోగం సంగతి తేల్చుకోవాలి. నియామక పత్రంలో "కంపెనీ అనుమతి లేకుండా వేరే పని చేయరాదు" అన్న నిబంధన చాలామందికి ఉంటుంది, చదివినవాళ్ళు తక్కువ. నేను హెచ్ఆర్‌కి ఒక పేజీ రాసిచ్చాను: డ్యూటీ సమయం బయట, సొంత ల్యాప్‌టాప్‌లో, కంపెనీ వ్యాపారంతో సంబంధం లేని వీడియో గేమ్, కంపెనీ సమాచారం ఏదీ వాడను అని. జవాబుకి మూడు వారాలు పట్టింది. "అభ్యంతరం లేదు" అన్న ఒక్క లైను మెయిల్. ఆ మూడు వారాల్లో అడగకపోతే బాగుండేదేమో అని గుబులుగా ఉండేది. ప్రభుత్వ ఉద్యోగులైతే 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది, అనుమతి లేకుండా అడుగు వేయకండి.

2024 ఫిబ్రవరిలో స్టీమ్ కాగితాలు మొదలు. దీనికి బీ షిఫ్టు వారం వృథా చేయకండి, అలసిపోయినా చేయగలిగే పనే. చట్టబద్ధమైన పేరు, చిరునామా, బ్యాంకు, పన్ను వివరాలు. పేరు అన్నిచోట్లా ఒక్కలా ఉండాలి. మనకి ఇంటిపేరు ముందు ఒకచోట, వెనక ఒకచోట, పొడి అక్షరంతో ఇంకోచోట ఉంటుంది కదా, అక్కడే ఆగిపోతుంది. ముందు పాన్‌లో ఉన్నట్టే బ్యాంకులో మార్పించుకుంటే మేలు. విదేశీ డబ్బు రావడానికి కావలసిన స్విఫ్ట్ కోడు చిన్న శాఖలకి సొంతంగా ఉండదు. మా శాఖవాళ్ళు విశాఖపట్నం పెద్ద శాఖది ఇచ్చారు, అదైనా రెండుసార్లు వెళ్తే.

పన్ను ఇంటర్వ్యూ అంటే ఎవరూ ఫోను చేయరు, తెర మీద ప్రశ్నలే. చివరికి డబ్ల్యూ-8 బెన్ అనే పత్రం తయారవుతుంది. విదేశీ పన్ను సంఖ్య అన్నచోట పాన్ ఇచ్చి, భారత్–అమెరికా ఒప్పందం కింద రాయితీ కోరాలి. అలా కోరితే అమెరికాలో జరిగిన అమ్మకాల మీద మన వాటాలో 15 శాతం కోస్తారు, లేకపోతే 30. మిగతా దేశాల అమ్మకాల మీద ఈ కోత ఉండదు. నా గుర్తింపు తనిఖీకి వారం పట్టింది.

ఆట ఒక్కింటికి రుసుము 100 డాలర్లు. కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు మామూలుగా ఆపి ఉంటాయి, బ్యాంకు యాప్‌లో తెరవాలి. మార్పిడి రుసుము, దాని మీద జీఎస్టీ కలిసి నాకు ఎనిమిది వేల ఏడు వందల దగ్గర పడింది. ఆట సవరించిన స్థూల రాబడి (వాపసుల్లాంటివి పోగా మిగిలే అమ్మకం) 1,000 డాలర్లు దాటితే ఈ వంద వెనక్కి ఇస్తారు. రుసుము కట్టిన 30 రోజుల దాకా ఆట విడుదల చేయలేం. స్టోరు పేజీ "త్వరలో" అన్న ముద్రతో కనీసం రెండు వారాలు బహిరంగంగా ఉండాలి. పేజీకి ఒక తనిఖీ, ఆటకి ఇంకో తనిఖీ, ఒక్కోదానికి మూడు నుంచి ఐదు పనిదినాలు. అమెరికా సెలవులు మన సెలవులు కావు.

పేజీ బొమ్మలు ఒకటి కాదు, రకరకాల కొలతల్లో అడుగుతారు. తలబొమ్మ 920కి 430 పిక్సెళ్ళు, చిన్నది 462కి 174, ప్రధానమైనది 1232కి 706, నిలువుది 748కి 896, లైబ్రరీకి 600కి 900, ఇంకా ఉన్నాయి. ఒకే బొమ్మని కుదించి అన్నిటికీ పెడితే చిన్నదాంట్లో పేరు చదవలేం. చాలామంది చూసేది ఆ చిన్నదే. అందుకే దీనికి మాత్రం డబ్బు పెట్టాను, ఒక చిత్రకారుడికి పదివేలు. విడివిడి పొరలతో ఇవ్వమని ముందే అడగండి, తర్వాత కావలసినట్టు సర్దుకోవచ్చు. బొమ్మ మీద ఆట పేరు తప్ప "గొప్ప పజిల్" లాంటి మాటలు రాస్తే వెనక్కి పంపుతారు. తెరచిత్రాలు కనీసం ఐదు, ఆడుతున్నవే ఉండాలి. "కంట్రోలర్‌తో పూర్తిగా ఆడవచ్చు" అని టిక్ పెట్టి ఎక్కడో ఒకచోట కీబోర్డు అడిగితే ఆట తనిఖీలో ఆగుతుంది. కృత్రిమ మేధతో చేసినవి ఏమైనా ఉంటే 2024 జనవరి నుంచి చెప్పాల్సిందే.

ఉగాది దాటిన వారం పేజీ బయటికి వచ్చింది. ఆ రోజు ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. ఆటని విష్‌లిస్టులో, అంటే తర్వాత కొనాలనుకునే జాబితాలో, పెట్టుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత, అందులో సగం మా ల్యాబువాళ్ళు. డెవలపర్ల మధ్య తిరిగే అంచనా ప్రకారం స్టోరులో "పాపులర్ అప్‌కమింగ్" (రాబోతున్నవాటిలో ఆదరణ ఉన్నవి) వరుసలోకి రావాలంటే విష్‌లిస్టులు ఏడు వేల దగ్గర ఉండాలి. దాన్ని గుండె మీద పెట్టుకుంటే ఉద్యోగం చేయలేం, ఇల్లూ చూడలేం. నేను ఆ అంకెల పేజీ ఆదివారం మాత్రమే తెరవాలని పెట్టుకున్నాను.

వేసవిలో పని సగం అయిపోయింది. పాపకి సెలవులు, చుట్టాలు, పగలు ల్యాప్‌టాప్ వేడికి ఫ్యాను రొద. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బతుకుతుంది గానీ రూటర్ చస్తుంది. పదిహేను వందలు పెట్టి 12 వోల్టుల చిన్న యూపీఎస్ రూటర్‌కి తగిలించాను. ఖర్చన్నిట్లో ఇదే ఎక్కువ ఉపయోగపడింది. ఆగస్టు 31 రాత్రి దాటాక కళింగపట్నం దగ్గర వాయుగుండం తీరం దాటింది కదా, ఆ రెండు రోజులూ ఇటు కూడా కరెంటు వచ్చిపోతూ ఉంది. డెమో ఎక్కించే పని సరిగ్గా అప్పుడే పడింది. నయమేమిటంటే స్టీమ్ ఎక్కింపు ఫైలుని సుమారు ఒక మెగాబైటు ముక్కలుగా చేసి, మారిన ముక్కలే పంపుతుంది. మొదటిసారి ఆలస్యం, తర్వాత సవరణలు నిమిషాల్లో వెళ్తాయి.

డెమోకి వేరే యాప్ సంఖ్య ఇస్తారు, దానికి రుసుము లేదు. డెమోలో ఆడినంతా అసలు ఆటలోకి రావాలంటే రెండూ ఒకే ఫోల్డరులో భద్రపరచాలి. గోడో మామూలుగా ప్రాజెక్టు పేరుతో ఫోల్డరు చేస్తుంది. డెమో ప్రాజెక్టుకి పేరు చివర "డెమో" తగిలిస్తే ఫోల్డరు మారిపోతుంది, ఆడినవాళ్ళ ప్రగతి మాయం. సెట్టింగుల్లో సొంత ఫోల్డరు పేరు ఒకటి ఖాయం చేసేస్తే ఇక పేరుతో పని లేదు.

రాబోయే ఆటల డెమోలు ఆడించే స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్ ఏడాదికి మూడుసార్లు, ఒక్కో ఆటకి జీవితంలో ఒక్కసారే అవకాశం. నేను అక్టోబరుది తీసుకున్నాను. అది 14వ తేదీ సోమవారం మొదలు. అమెరికా పడమటి తీరంలో ఉదయం పది అంటే మనకి రాత్రి పదిన్నర. 2024లో ఆ రాత్రే మా ఊళ్ళో పైడితల్లమ్మ జాతర తొలేళ్ళు, మర్నాడు మంగళవారం సిరిమాను ఉత్సవం. విజయనగరంవాడికి ఇంతకంటే చెడ్డ తేదీ ఉండదు. ఇంటినిండా చుట్టాలు, ఊరినిండా జనం. పండగ మారదు, ఫెస్టూ మారదు. అందుకని శుక్రవారానికే డెమో గడ్డకట్టించేశాను, అంటే ఇక ఎవరు ఏం చెప్పినా వారం దాకా ముట్టుకోకూడదని. సోమవారం రాత్రి పదిన్నరకి ఫోన్లో డెమో కనబడుతోందా లేదా అని చూసి జేబులో పెట్టేశాను. సిరిమాను చూస్తున్నంతసేపూ చెయ్యి జేబులోకి పోతూనే ఉంది. వారం చివరికి అంతకు ముందు ఆరు నెలల్లో వచ్చిన విష్‌లిస్టులకంటే ఎక్కువ వచ్చాయి. అయినా ఏడు వేలు కాదు కదా, దరిదాపుల్లో కూడా లేను.

విడుదల తేదీ ఎంచుకోవడంలో లెక్క ఉంది. విడుదలప్పుడు ఇచ్చే ధర తగ్గింపు 7 నుంచి 14 రోజులు, అది ముగిశాక 30 రోజులు మళ్ళీ తగ్గింపు ఇవ్వలేం. స్టీమ్ శీతాకాలపు సేల్ ఆ ఏడాది డిసెంబరు 19న మొదలు. నవంబరు 14న వదిలి ఏడు రోజులు తగ్గింపు ఇస్తే, 30 రోజులు డిసెంబరు 21కి పూర్తవుతాయి. రెండు రోజుల తేడాతో పెద్ద సేల్ మొదలు చేజారుతుంది. నవంబరు 7 అయితే డిసెంబరు 14కే తీరిపోతుంది. అదే పెట్టాను. ఆ వారం అమెరికాలో ఎన్నికలు, ప్రపంచమంతా దాని మీదే ఉంటుందని తెలుసు. సేల్ లెక్కే ముఖ్యమనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటాను. ఇంకో సంగతి, అక్కడ నవంబరు 3న గడియారాలు గంట వెనక్కి తిప్పారు. అక్టోబరులో రాత్రి పదిన్నరగా ఉన్న వేళ పదకొండున్నర అయిపోయింది. విడుదల మీట మనమే నొక్కాలి, దానంతట అది జరగదు. ఆ వారం నాది సీ షిఫ్టు, రాత్రి పదికల్లా ల్యాబులో ఉండాలి, ఫోను ఉండదు. రెండు వారాల ముందే ఒక మిత్రుడితో షిఫ్టు మార్చుకుని, మర్నాడు సెలవు పెట్టాను. ఆ సెలవు తప్పనిసరి. మొదటి రోజు ఏది విరిగినా చూడాల్సింది మీరొక్కరే.

ఆ రాత్రి విరిగింది చిన్నదే. 1366కి 768 తెరల మీద పూర్ణాంక పెంపు (రెండింతలు, మూడింతలుగా మాత్రమే పెంచడం) వల్ల ఆట మధ్యలో చిన్నదై చుట్టూ నల్ల పట్టీలు వచ్చాయి. 640 రెండింతలు 1280 కదా, మిగిలింది ఖాళీ. ఆ పెంపుని ఆపుకునే టిక్ ఒకటి సెట్టింగుల్లో పెట్టి తెల్లారేలోపు ఎక్కించాను. సమీక్షలు పది చేరేదాకా స్టోరులో మాటలతో రేటింగు రాదు, ఆ పది వచ్చేసరికి రెండు వారాలు పట్టింది. కొన్న రెండు వారాల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడితే డబ్బు వెనక్కి అడగొచ్చు. చిన్న ఆటని గంటన్నరలో ముగించి వెనక్కిచ్చేసేవాళ్ళూ ఉంటారు. మొదట్లో కడుపు మండుతుంది. తర్వాత అలవాటవుతుంది.

విడుదల తర్వాత వారం గురించి ఎవరూ చెప్పరు. ఏడాదిన్నర మోసింది దిగిపోతే తేలిక అనిపించాలి. నాకు మాత్రం దేని మీదా మనసు నిలవలేదు, చీటికీమాటికీ పాప మీద విసుక్కున్నాను. "అయిపోయిందన్నారు కదా, మళ్ళీ ఆ లాపుటాపు ఏటి?" అని మా ఆవిడ కాలెండరు మీద పది రోజులు అడ్డగీత గీసింది. ఆ పది రోజులూ ఆటకి సవరణలు రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు కూడా.

డబ్బు లెక్క ఇది. అమ్మకంలోంచి ఆయా దేశాల పన్నులు, వాపసులు పోయాక 30 శాతం స్టీమ్ వాటా. అమెరికాలో అలా నికరంగా వంద డాలర్లు మిగిలితే మన వాటా 70, అందులో 15 శాతం కోత పది డాలర్ల యాభై సెంట్లు, చేతికి 59.50. భారత ధర స్టీమ్ సూచించేది డాలరుని నేరుగా మార్చినదానికంటే తక్కువే ఉంటుంది, దాన్నే ఉంచాను. నవంబరు అమ్మకాల డబ్బు డిసెంబరు చివర పంపారు. 100 డాలర్లు చేరకపోతే తర్వాత నెలకి జమ అవుతుంది. విదేశం నుంచి వైరు (బ్యాంకు బదిలీ) వచ్చాక బ్యాంకు వెంటనే ఖాతాలో వెయ్యదు, ఎందుకొచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ అడుగుతుంది. మా శాఖలో అది తేలడానికి ఐదు రోజులు పట్టింది, మధ్యలో బ్యాంకు కొంత కోసుకుంది. రుసుము, పాత ల్యాప్‌టాప్, చిత్రకారుడు, రెండు పాటలకి ఎనిమిది వేలు, బొమ్మలు గీసే ఏస్‌ప్రైట్, రూటర్ యూపీఎస్ అన్నీ కలిపి ముప్పై ఏడు వేల దగ్గర ఖర్చు. శీతాకాలపు సేల్ డబ్బు వచ్చాక అది తీరింది. ఆ సేల్‌లోనే వెయ్యి డాలర్ల గీత దాటి రుసుము కూడా వెనక్కి వచ్చింది. నా గంటలకి కూలి వేసుకుంటే మాత్రం లెక్క చూపించుకోలేను.

పన్ను దగ్గర చాలామంది ఆగిపోయేది ఒక్క చోటే. అమెరికాలో కోసిన పన్నుకి 1042-ఎస్ పత్రం మార్చిలో వస్తుంది, కానీ అది జనవరి నుంచి డిసెంబరు లెక్క. మనది ఏప్రిల్ నుంచి మార్చి. 2024 డిసెంబరులో వచ్చిన డబ్బు ఆ మార్చి పత్రంలో ఉంది, 2025 జనవరి నుంచి మార్చి దాకా వచ్చింది మాత్రం మరుసటి ఏడాది పత్రంలో వస్తుంది. రెండూ మన ఒకే ఆర్థిక సంవత్సరంలోవి. అందుకని నెలనెలా చెల్లింపు నివేదికలు దింపుకుని పెట్టుకోవాలి. జీతంతోపాటు ఈ రాబడి ఉంటే ఐటీఆర్-1 కుదరదు, మా ఆడిటరు ఐటీఆర్-3 వేశారు, మూడున్నర వేలు తీసుకున్నారు. అక్కడ కట్టిన పన్నుకి ఇక్కడ తగ్గింపు కావాలంటే 2025లో అయితే రిటర్నుకంటే ముందు ఫారం 67 వేయడం మంచిది. డాలర్లని రూపాయలుగా మార్చేటప్పుడు కోత పడిన నెలకి ముందు నెల ఆఖరి రోజున ఉన్న టీటీ కొనుగోలు రేటు (విదేశీ డబ్బుని బ్యాంకు కొనే రేటు) తీసుకోవాలి, బ్యాంకులో జమ అయిన రోజు రేటు కాదు. రిటర్నుల గడువు 2025లో సెప్టెంబరుకి జరిపారు కాబట్టి కాగితాలు పోగు చేసుకోడానికి తీరిక దొరికింది. జనవరి–మార్చి తాలూకు 1042-ఎస్ 2026 మార్చికి గానీ రాదు కాబట్టి, రిటర్నులో వేసిన అంకెలతో సరిచూసుకునే పని మాత్రం అప్పటికి మిగిలిపోయింది.